ఇంటాయన్ను తోడుకొని రా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గాని, బాడుగ ఇంటి కోసం ఎన్నడూ తిరిగి ఉండడు. తిరిగి ఉంటే ఆ రెండూ వదిలేసి ఇదొక్కటే చెప్పేవాడు. అందులోనూ రాజపాళయంలో. ఇక్కడ ఖాళీ ఇంటికి బోర్డు కట్టడం తక్కువ. టీ కొట్టు దగ్గర ఒకరు ఇంకొకరి చెవిన వేస్తారు. ఆ మాట బ్రోకరు దాకా వచ్చేలోపలే ఆ ఇంట్లో ఎవరుండొచ్చో, ఎవరుండకూడదో తేలిపోయి ఉంటుంది.

రాజాత్తి ఇల్లు చూసే పద్ధతికి మాత్రం బ్రోకరు పొన్‌రాజ్‌కు ఒళ్ళు మండేది. అందరూ లోపలికి పోయి వంటిల్లు చూస్తారు, బాత్రూము చూస్తారు, గోడకు చెమ్మ పట్టిందా అని చెయ్యి పెట్టి చూస్తారు. రాజాత్తి గడప తొక్కదు. వీధిలో నిలబడే చూస్తుంది. మెట్లు ఉంటే వద్దు. బండి పెట్టుకునే చోటు లేకపోతే వద్దు. వాకిట్లో కుళాయి లేకపోతే వద్దు. ఎందుకు వద్దో చెప్పదు. వంకాయ తిప్పి చూసి మళ్ళీ తట్టలో పడేసినట్టు ఇంటిని పక్కన పెట్టేసి బస్టాపు వైపు నడుస్తుంది.

పొన్‌రాజ్ ఇంట్లో మాట్లాడేది తమిళమే అయినా, తెలుగువాళ్ళకు ఇళ్ళు చూపించి చూపించి రెండూ కలిపి, 'నే' అనాల్సిన చోట ఊళ్ళో అందరిలాగే తమిళ 'దా' వేసి మాట్లాడడం అలవాటయింది.

"అక్కా, ఊరంతా మాడి ఇల్లు దా ఉండాది. కింద ఓనరు, పైన వాడగకు వచ్చినోళ్ళు. నువ్వు అడిగే ఇల్లు కావాలంటే నీకోసం నేనే కట్టాల," అన్నాడు ఒకరోజు.

"కట్టు అన్నా," అంది రాజాత్తి. వెటకారం కాదు. అతను ఏమన్నాడో ఆమె సరిగ్గా వినలేదు.

ఇల్లు మారాల్సి రావడంలో ఎవరి తప్పూ లేదు. పెళ్ళయిన కొత్తలో రాజాత్తి, ఆమె మొగుడు సంగిలి కలిసి మిల్లు వెనక వీధిలో బాలుసామి ఇంటి పక్కవాటాలో దిగారు. కూతురు ఇలక్కియా అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది, ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ చదువుతోంది. ఇన్నేళ్ళకు బాలుసామి కొడుకు తిరుప్పూరులో పని మానుకుని పెళ్ళాం పిల్లలతో ఊరికి వచ్చేస్తున్నాడు. వాళ్ళకు ఆ వాటా కావాలి. ఆ సంగతి చెప్పడానికి బాలుసామి చాలా యాతన పడ్డాడు. చివరికి ఒక పొద్దున రాజాత్తి మొహం చూడలేక, ఆమె తోముతున్న బిందె వైపు చూస్తూ చెప్పాడు.

"తై నెల పుట్టేదాకా, సంక్రాంతి దాకా, ఉండు తల్లీ. మార్గళిలో ఎవరైనా ఇల్లు మారతారా?"

"సరి అయ్యా," అంది రాజాత్తి, బిందె బోర్లించి.

ఆయన యాతన పడ్డది ఇల్లు ఖాళీ చెయ్యమనడానికి ఒక్కటే కాదు. అంతకుముందు ఆవణిలోనే, వినాయక చవితి నెలలో, సంగిలి పోయాడు. స్పిన్నింగ్ మిల్లులో పని ముగించుకుని గేటు దాటిన మనిషి, బండి స్టాండు దగ్గర కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఇంటికి తెచ్చినప్పుడు కనుబొమల మీద ఇంకా దూది నూగు ఉంది.

రాజాత్తి ఏడవలేదు. ముసలమ్మలు చుట్టూ చేరి, రొమ్ము బాదుకుని, ఆమె భుజాలు పట్టి ఊపారు. "ఏడువు తల్లీ, ఏడిస్తే దా దిగతాది," అన్నారు. ఆమె వాళ్ళందరికీ టీ చాలిందా అని చూసింది. పదహారో రోజు తాళి తీసినప్పుడూ అంతే. మెడ బోసిగా ఉంటే చూడలేనని ఇలక్కియా ఒక కవరింగ్ గొలుసు తెచ్చి వేసింది, బొట్టు కూడా తనే పెట్టింది. వేస్తే వేయించుకుంది, పెడితే పెట్టించుకుంది.

ఏడవని ఆడదాన్ని లోకం నమ్మదు. రాజాత్తిది రాతి గుండె అన్నారు కొందరు, గట్టి మనిషి అన్నారు కొందరు. రెండూ కాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఆమెకు ఒళ్ళంతా అట్లా ఉండేది. పొద్దున్నే టౌన్ బస్సెక్కి సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డుకు పోయేది. అక్కడ మరమగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినపడదు. ఆమెకు అదే బాగుండేది. సాయంత్రం వచ్చి అన్నం వండేది. మొగుడు చచ్చిపోయాడన్న మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు. దాచిపెట్టి కాదు. ఎవరడిగినా పక్కనున్నవాళ్ళు చెప్పేసేవారు, లేకపోతే ఇలక్కియా చెప్పేది.

ఒకసారి పొన్‌రాజ్ ఎట్లాగో ఆమెకు కావాల్సినవన్నీ ఉన్న ఇల్లు పట్టుకొచ్చాడు. మెట్లు లేవు, వాకిలి విశాలం, కుళాయి ఉంది. ఇంటావిడ నవ్వుతూ తాళం తీయబోయి ఆగింది. "మీరు ఎవరాళ్ళు?" అంది. ఆ ప్రశ్న కులం గురించని రాజపాళయంలో అందరికీ తెలుసు. రాజాత్తి చెప్పింది. ఇంటావిడ తాళం చెవి కొంగున ముడి వేసుకుని, "అయ్యో, మా తమ్మునికి ఇస్తానని చెప్పినా, మరిచిపోయినా," అంది. తిరిగి వస్తుంటే ఇలక్కియా కోపంతో ఏడ్చింది.

"మొహం తుడుచుకో. బస్సు వస్తా ఉండాది," అంది రాజాత్తి.

బస్సులో కూర్చున్నాక కూడా పిల్ల ఊరుకోలేదు. అంతకు ముందురోజే మంచి మాడి ఇల్లు, మేడ మీది వాటా, ఒకటి రాజాత్తి వద్దనేసింది. గాలి, వెలుతురు, ఎవరాళ్ళని అడగని ఓనరు.

"నిన్నటి ఇల్లు ఎందుకమ్మా వద్దంటివి?"

"మెట్లు."

"మెట్లయితే ఏమి? ఎవరికమ్మా మోకాలు నొప్పి? నీకా, నాకా?"

"మీ నాయన..." అని ఆగిపోయింది రాజాత్తి.

మోకాలు నొప్పి సంగిలిది. మిల్లులో జారి పడ్డప్పటి నుంచీ మెట్లంటే ఆయనకు చుక్కలు కనపడేవి. చూపించుకునే డాక్టరేమో మాడిలో కూర్చునేవాడు. రాజాత్తి ముందు ఎక్కి, మలుపు దగ్గర నిలబడి ఆయన కోసం చూసేది. ఆయన గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చి, "మోకాలు డాక్టరు మాడిలో కూర్చుంటే ఎట్లమే? వాని దగ్గరికి వచ్చేటోడు నొప్పి లేనోడు దా," అనేవాడు. పోయినప్పుడల్లా అదే మాట. రాజాత్తికి ఆ మాటకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది, అయినా మలుపు దగ్గర ఆగేది. బండి పెట్టుకునే చోటు ఆయన మోపెడ్‌కు. వాకిట్లో కుళాయి, ఆయన మిల్లు నుంచి వచ్చి దూది కడుక్కుని లోపలికి రావడానికి. ఇన్నాళ్ళూ ఎండలో తిరిగి తిరిగి ఆమె చచ్చిపోయిన మనిషికి ఇల్లు వెతికింది.

అది తెలిసినప్పుడన్నా ఏదో ఒకటి కావాలి కదా. ఏమీ కాలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని గుర్తొచ్చినట్టు, ఓహో అనుకుంది. ఇలక్కియా ఆమె చెయ్యి పట్టుకుంది. రాజాత్తి ఆ చేతిని చూసి, టికెట్టు భద్రంగా పెట్టావా అని అడిగింది.

ఆ తర్వాత ఇల్లు వెతికే పని పిల్ల చేతికి వచ్చింది. కాలేజీ స్నేహితురాలి ద్వారా ఆరోక్కియమేరి ఇల్లు తెలిసింది. ఆవిడ బాల్వాడీ టీచరుగా చేసి రిటైరయింది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. కింద తనుంటుంది, పైన వాటా ఖాళీ. వాళ్ళ ఇంట్లో కూడా తెలుగే. మనిషి మంచిదే గాని జీవితమంతా నాలుగేళ్ళ పిల్లలతో గడిపినందువల్ల కాటికి కాళ్ళు చాపుకున్న వాళ్ళతో కూడా ముక్కు తుడుచుకోమన్నట్టే మాట్లాడుతుంది. పోయిన ఏడు ఎవడో గేటు దూకి నీళ్ళ మోటారు ఎత్తుకుపోయాడు. అప్పటి నుంచి మగమనిషి ఉన్న కుటుంబానికే ఇల్లిస్తానని కూర్చుంది. ఈ ఒక్క ముక్కా ఇలక్కియా తల్లికి చెప్పలేదు. మార్గళి సగం దాటిపోయింది. ముందు ఆవిడ అమ్మను చూస్తే చాలు, ఆ తర్వాత చూసుకుందాం అనుకుంది.

ఆదివారం పొద్దున ఆవిడ చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ పోయారు. ఇలక్కియా పైకి పోయి చూసి, దిగి వచ్చి, బాగుందని కళ్ళతోనే చెప్పింది. రాజాత్తి కిందే నిలబడింది.

"నువ్వు ఎక్కి చూడవా?" అంది ఆరోక్కియమేరి.

"వద్దమ్మా. పిల్ల చూసింది కదా."

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం," అంది రాజాత్తి. నోటికి అదే అలవాటు.

"మంచిది. సాయంత్రం మీ ఇంటాయన్ను తోడుకొని రా, మాట్లాడుకుందాం."

"సరి అమ్మా. తోడుకొని వస్తా."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంటాయన అంటే మొగుడూ అవుతాడు, ఇల్లుగల ఆయనా అవుతాడు. తమిళంలో వీట్టుకారర్ అన్నా అంతే, ఆ ఒక్క మాటా రెండు పనులూ చేస్తుంది. అయితే రాజాత్తి ఇంట్లో మాత్రం ఆ మాట మొదటి నుంచీ బాలుసామిదే. "ఇంటాయన వస్తా ఉండాడు, వాడగ తీసి పెట్టు" అంటే బాలుసామి. "ఇంటాయన చూస్తే తిడతాడు, గోడకు మేకు కొట్టొద్దు" అంటే బాలుసామి. సంగిలిని ఆమె ఏమయ్యా అనేది, లేకపోతే ఇలక్కియా నాయన అనేది. కాబట్టి కొత్త ఇంటి టీచరమ్మ పాత ఇంటాయన్ను తీసుకురమ్మంది, మంచీ చెడ్డా కనుక్కోవడానికి కాబోలు అనుకుంది. అందులో తప్పేముంది?

వీధి మలుపు తిరిగాక ఇలక్కియా అడిగింది, "ఎవరిని తోడుకొని వస్తావమ్మా?"

"ఇంటాయన్నే. బాలుసామి అయ్యా సాయంత్రం ఖాళీగా దా ఉంటాడు."

మెట్లున్న ఇంటికి అమ్మ సరే అనడం అదే మొదటిసారి. అది చెడగొట్టడానికి పిల్లకు మనసొప్పలేదు. పోనీ, బాలుసామి తాతే వచ్చి ఉన్న సంగతి చెప్పనీ అనుకుంది.

బాలుసామికి ఈ పని దేవుడిచ్చినట్టు అనిపించింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పటి నుంచి ఆయన గుండెలో ముల్లు ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, విబూది పెట్టుకుని, గొడుగు పట్టుకుని షేర్ ఆటోలో వాళ్ళతో బయల్దేరాడు. డెబ్బై దాటిన మనిషి. దారంతా, "నేను చెప్తే ఆయమ్మ కాదంటాదా, నువ్వు గమ్మున నిలబడు," అంటూ వచ్చాడు.

ఆరోక్కియమేరి వరండాలో కుర్చీ వేసుకుని ఉంది. రాజాత్తిని చూసింది, పక్కనున్న ముసలాయన్ను చూసింది.

"ఈయన దా మీ ఇంటాయనా?"

"అవునమ్మా."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది. కూర్చోమనడం కూడా మరిచిపోయింది. బాలుసామి తనే స్టూలు లాక్కుని కూర్చుని, గొడుగు కాళ్ళ మధ్య పెట్టుకుని మొదలుపెట్టాడు.

"ఏం చెప్పేది అమ్మా. చిన్నపిల్లగా వచ్చింది నా ఇంటికి. ఇన్నేండ్లుగా ఒక్క దినం నోరెత్తి మాట్లాడినది లేదు. ఇట్లాటి మనిషి దొరకదు."

"మంచిది," అంది ఆరోక్కియమేరి, అనుమానంగా.

"ఇప్పుడు నేనే పొమ్మంటా ఉండా. కొడుకూ కోడలూ వస్తా ఉండారు, వాళ్ళకు చోటు కావాల కదా. అందుకని దా నీ దగ్గర విడిచిపెట్టేకి వచ్చినా."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఈ వయసులో పొమ్మంటావా? సిగ్గుగా లేదా నీకు? ఎదిగిన ఆడపిల్లను పెట్టుకుని ఆమె యాడికి పోతాది?"

"నాకూ కష్టంగా దా ఉండాది. ఏం చేసేది? కొడుకు కదా."

"ఇది ఎవరి బిడ్డ? నీ బిడ్డ కాదా?"

బాలుసామి ఇలక్కియాను చూసి నవ్వాడు. "నా బిడ్డ మాదిరి దా. అయితే వాడగ మాత్రం ఒక్క నెల తప్పలేదమ్మా, అది చెప్పాల."

"వాడగా?" అంటూ ఆరోక్కియమేరి కుర్చీలోంచి లేచింది. "పెళ్ళాం దగ్గర వాడగ తీసుకుంటివా?"

బాలుసామి చేతిలో గొడుగు జారి కింద పడింది. ఇలక్కియా అంతవరకూ బిగపట్టుకుని ఉంది, ఇక వల్ల కాలేదు. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వింది. నాన్న పోయాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే, "టీచర్, తాత మా ఓనరు టీచర్. వాడగ ఇంటి ఓనరు," అంది. బాలుసామి చెవులు పట్టుకుని, శివశివా అన్నాడు. ఆరోక్కియమేరి సిలువ గుర్తు వేసుకుని, కూర్చుని, మళ్ళీ లేచి, ముసలాయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

రాజాత్తి మాత్రం నవ్వలేదు. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కావడానికి ఆమెకు కొంత సేపు పట్టింది.

"అది సరి," అంది ఆరోక్కియమేరి, నీళ్ళ చెంబు తీసుకుంటూ. "అయితే నీ మొగుడు యాడ?"

నవ్వు ఆగిపోయింది. బాలుసామి తల వంచుకున్నాడు. ఇలక్కియా ముందుకొచ్చి, "టీచర్, మా నాయన..." అంది.

"నిన్ను కాదు, మీ అమ్మను అడుగుతా ఉండా. పెద్దోళ్ళను అడిగితే పెద్దోళ్ళు చెప్పాల."

బాల్వాడీ అలవాటు. అంతకు మించి ఆవిడ మనసులో ఏమీ లేదు. కాని రాజాత్తికి ఆ మాట ఎదురుగా వచ్చి నిలబడింది, తప్పుకునే దారి లేకుండా.

"లేడమ్మా," అంది.

"లేడంటే? పనికి పోయినాడా?"

రాజాత్తి కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

"చచ్చిపోయినాడు."

ఆరోక్కియమేరి అప్పుడు ఆమె మెడలోని కవరింగ్ గొలుసును చూసింది. అదివరకు చూడనందుకు ఆవిడకు తన మీదే కోపం వచ్చింది, ఆ కోపం గొంతులో పడింది.

"పొద్దున ముగ్గురు అంటివే?"

"అవునమ్మా."

"ఇప్పుడు చెప్పు. ఇంట్లో ఎంతమంది?"

రాజాత్తి పెదవులు ముగ్గురికే కదిలాయి. ఆగాయి. ఇలక్కియా వైపు చూసింది, ఆ పిల్లను ఎంచుతున్నట్టు.

"ఇద్దరం," అంది.

అయిపోయింది, ఈ ఇల్లూ పోయింది అనుకుంది ఇలక్కియా. బాలుసామి గొడుగు ఎత్తుకుని లేవబోయాడు. మనుషులు లేచి పోయేదాకా ఉండి అప్పుడు మాట చెప్పే రకమూ కాదు, తిండి పెట్టి విస్తరి లాగేసే రకమూ కాదు ఆరోక్కియమేరి. ఆవిడ గేటు వైపు, మోటారు ఉండిన చోటు వైపు చూసింది.

"నాకు చీకటి పడినాక గేటుకు బీగం వేసేకి ఒక మనిషి కావాల. మగోడు వేసినా అదే బీగం, ఆడది వేసినా అదే బీగం. వేస్తావా?"

"వేస్తానమ్మా."

"మరిచిపోతే తిడతా."

"తిట్టమ్మా."

ఆవిడ లోపలికి పోయి తాళం చెవి తెచ్చి రాజాత్తి చేతిలో పెట్టింది. "పో, ఎక్కి చూడు. చూడకుండా ఎవరైనా ఇల్లు పట్టుకుంటారా? చిన్నపిల్లవా?"

రాజాత్తి చెవి పిడికిట్లో పట్టుకుని మెట్ల దగ్గరికి పోయింది. ఎక్కడం మొదలుపెట్టింది. మెట్లు ఏటవాలుగా, సిమెంటు పెచ్చులు లేచి ఉన్నాయి. సగం దాకా ఎక్కాక ఒక మలుపు ఉంది. అక్కడికి వచ్చి ఆగింది. గోడకు ఒదిగి, వెనకొచ్చేవాళ్ళకు దారి ఇచ్చి, కిందికి చూస్తూ నిలబడింది.

కింద వరండాలో ఇద్దరు ముసలివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. మెట్ల మీద ఎవరూ రావడం లేదు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"ఎందుకమ్మా ఆగితివి?" అంది ఇలక్కియా మెట్ల మొదట్లో నిలబడి.

ఎందుకు ఆగిందో రాజాత్తికి అప్పుడు తెలిసింది. కాళ్ళ నుంచి మొదలయి ఒళ్ళంతా సూదులు గుచ్చినట్టయింది. మెట్టు మీద కూలబడింది. నోట్లోంచి వచ్చిన అరుపుకు బాలుసామి గొడుగు మళ్ళీ జారవిడిచాడు. ఇలక్కియా పరుగెత్తి ఎక్కి వచ్చి తల్లిని పట్టుకుంది. ఆవణిలో ముసలమ్మలంతా కలిసి ఊపినా రానిది ఇప్పుడు వచ్చింది, ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"మీ నాయన రాలేడు పాపా," అంది రాజాత్తి, పిల్ల భుజంలో మొహం పెట్టి. "ఈ మెట్లు ఎక్కలేడు. ఈ ఇంటికి ఆయన రాలేడు."

చాలా సేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది. తాళం చెవి చేతిలోనే ఉంది, గట్టిగా పట్టుకున్నందుకు అరచేతిలో అచ్చు పడింది. లేచి, పిల్లను ముందు నడవమని, మిగిలిన మెట్లు ఎక్కింది.